మేనేజర్ వేధింపులు: రాజీనామా ఒక్కటే దారా, చట్టంలో ఇంకేమైనా ఉందా?

వేకువచుక్క
ప్రైవేటు కంపెనీలో అకౌంట్స్ విభాగంలో పని చేస్తున్నాను. కొత్త మేనేజర్ వచ్చినప్పటి నుంచి ఆఫీసుకు వెళ్లాలంటేనే భయం వేస్తోంది. సమావేశాల్లో అందరి ముందూ "నీకు లెక్కలు నేర్పిన వాళ్లెవరో చూడాలి" అంటారు. నా పనులు ఒక్కొక్కటిగా తీసి వేరేవాళ్లకు ఇచ్చేశారు. ఇప్పుడు నేను పని చూపించడం లేదని మెయిల్ పెడుతున్నారు. రాత్రి పొద్దుపోయాక వాట్సాప్ గ్రూపులో నా పేరు పెట్టి తిడతారు. సెలవు అడిగితే జవాబే ఉండదు. శుక్రవారం హెచ్‌ఆర్ వాళ్లు పిలిచి, "మీరే రాజీనామా ఇస్తే మంచి రిలీవింగ్ లెటర్ ఇస్తాం. లేకపోతే పనితీరు బాగాలేదని తొలగించాల్సి వస్తుంది. బుధవారంలోగా చెప్పండి" అన్నారు.

ఇందులో లైంగిక వేధింపు లేదు. కులం పేరు ఎత్తలేదు. అవమానించడం, పక్కన పెట్టడం, బెదిరించడం, అంతే. దీనికి చట్టం ఉందా? పోలీసుల దగ్గరికి వెళ్లాలా, లేబర్ ఆఫీసుకా, కోర్టుకా? ఇంటి అప్పు నడుస్తోంది, ఊరికే వదిలేసి వచ్చే స్థితిలో లేను.

కలంపోటు
ముందు ఒక్క మాట. బుధవారం దేని మీదా సంతకం పెట్టకండి. మిగతావన్నీ తర్వాత మాట్లాడుకుందాం.

నిమ్మళంగా
ఇంకో ఉద్యోగం వెతుక్కుని వచ్చేయండి. కోర్టుల చుట్టూ తిరిగితే చెప్పులు అరుగుతాయి తప్ప ఒరిగేదేమీ ఉండదు. మంచి లెటర్ ఇస్తామన్నప్పుడే తీసుకోవడం తెలివైన పని.

రేవతీనక్షత్రం
నిమ్మళంగా గారూ, ఆ మంచి లెటర్ నాకూ ఇస్తామన్నారు. రాజీనామా చేతికి అందిన మరుక్షణం హెచ్‌ఆర్ ఫోను ఎత్తడం మానేసింది. చివరి నెల జీతం కోసం నెలల తరబడి తిరిగాను. మాట మీద వదిలేయడం ప్రమాదం. ఏ హామీ అయినా రాతపూర్వకంగా తీసుకోవాలి.

నిమ్మళంగా
రాతపూర్వకంగా తీసుకోవాలన్నది ఒప్పుకుంటాను. పోరాడమనడమే ఒప్పుకోను. మనిషి ఆరోగ్యం ముఖ్యం.

నల్లకోటు_పాతికేళ్లు
కార్మిక కేసులు చూసే న్యాయవాదిని. ఇది ప్రత్యేకంగా మీ కేసుకు ఇచ్చే సలహా కాదు. కాగితాలు చూడకుండా ఎవరూ అలా ఇవ్వకూడదు కూడా. భారతదేశంలో పరిస్థితి ఎలా ఉందో మాత్రం చెబుతాను.

"ఉద్యోగిని వేధించడం నేరం" అని అన్ని రకాల వేధింపులకూ కలిపి చెప్పే చట్టం మన దేశంలో లేదు. అంతమాత్రాన దారులు లేవని కాదు. మీకు జరుగుతున్నది ఏ రకం అన్నదాన్ని బట్టి దారి మారుతుంది.

లైంగిక స్వభావం ఉన్న వేధింపు మహిళపై జరిగితే 2013 చట్టం ఉంది. కులం పేరుతో దళిత, గిరిజన ఉద్యోగిని అవమానిస్తే 1989 అట్రాసిటీ చట్టం ఉంది. కానీ ఆ అవమానం ప్రజల కంటబడే చోట జరగాలి. బయటివాళ్లెవరూ లేని నాలుగు గోడల మధ్య అన్న మాట ఆ నేరం కిందకు రాదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. వికలాంగుడైన ఉద్యోగిని బహిరంగంగా అవమానిస్తే 2016 వికలాంగుల హక్కుల చట్టం 92వ సెక్షన్ కింద ఆరు నెలల నుంచి ఐదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. కొట్టినా, ప్రాణానికో పరువుకో హాని చేస్తానని బెదిరించినా భారతీయ న్యాయ సంహిత వర్తిస్తుంది. నేరపూరిత బెదిరింపు అందులో 351వ సెక్షన్, పరువునష్టం 356వ సెక్షన్.

మీరు చెప్పిన వాటిలో ఇవేవీ నేరుగా కనిపించడం లేదు. మీకు పనికొచ్చేది కార్మిక చట్టం. బలవంతపు రాజీనామా అన్న అంశమే మీ కేసుకు గుండెకాయ. దాని గురించి రాత్రికి వివరంగా రాస్తాను, ఇప్పుడు కోర్టు పిలుస్తోంది.

బొమ్మరిల్లు_కాదు
పోలీసు స్టేషన్‌కు వెళ్లి చూశాను ఒకసారి. "ఇది ఆఫీసు గొడవ, మీరూ మీరూ మాట్లాడుకోండి" అని పంపేశారు. నా మీద ఫైలు విసిరాడు మా సారు, అది చెప్పినా వినలేదు.

నల్లకోటు_పాతికేళ్లు
ఫైలు తగిలిందా? తగిలితే అది వేరే సంగతి. ఫిర్యాదు తీసుకోకపోతే ఎస్పీకి రాతపూర్వకంగా పంపవచ్చు, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించవచ్చు. తిట్టడం ఒక్కటే అయితే మాత్రం క్రిమినల్ కేసు నిలవడం కష్టం. 2025 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఒక కేసులో ఇదే చెప్పింది. పని విషయంలో పై అధికారి మందలించినంత మాత్రాన అది "ఉద్దేశపూర్వక అవమానం" అనే నేరం కాదని చెప్పి కేసు కొట్టేసింది. అందుకే మొదటి అడుగు పోలీసు స్టేషన్ అని నేను ఎవరికీ చెప్పను.

మధ్యమెట్టు
ఒక జట్టును నడిపే మేనేజర్‌గా ఈ చివరి పోస్టు చదివి ఊపిరి పీల్చుకున్నాను. తప్పు జరిగితే గట్టిగా చెప్పాల్సి వస్తుంది. గడువు దాటితే అడగాల్సి వస్తుంది. అడిగిన ప్రతిసారీ వేధింపు అంటే పని నడవదు. వేకువచుక్క గారి విషయంలో అటువైపు కథ మనకు తెలియదు కదా.

రేవతీనక్షత్రం
రాత్రి పొద్దుపోయాక అందరూ ఉన్న గ్రూపులో పేరు పెట్టి తిట్టడానికి అటువైపు కథ ఏముంటుంది?

మధ్యమెట్టు
అది తప్పే, సమర్థించడం లేదు. గీత ఎక్కడ గీయాలన్నదే నా ప్రశ్న.

దక్షిణార్ధగోళం
ఆ గీత మా దేశంలో చట్టంలోనే ఉంది. ఆస్ట్రేలియాలో ఉంటాను. ఇక్కడి నిర్వచనం ప్రకారం ఒక వ్యక్తి లేదా కొందరు ఒక ఉద్యోగితో పదేపదే అసమంజసంగా ప్రవర్తించాలి, దానివల్ల ఆరోగ్యానికీ భద్రతకూ ముప్పు ఉండాలి. సమంజసమైన కారణంతో సమంజసమైన పద్ధతిలో తీసుకున్న నిర్వహణ చర్య వేధింపు కాదు. ఆ "పద్ధతిలో" అన్న మాట చూడండి మధ్యమెట్టు గారూ. తప్పు ఎత్తిచూపడం మీ హక్కు. దాన్ని సభ పెట్టి చేయడం కాదు.

2014 జనవరి నుంచి ఇక్కడ ఉద్యోగ వివాదాలు చూసే ఫెయిర్ వర్క్ కమిషన్ "వేధింపు ఆపండి" అని ఆదేశం ఇవ్వగలదు. కానీ ఆ ఆదేశంలో డబ్బు పరిహారం ఉండదు. పైగా ఉద్యోగంలో ఉన్నప్పుడే, ఇంకా జరిగే ప్రమాదం ఉన్నప్పుడే అడగాలి. వదిలేశాక ఆ తలుపు మూసుకుపోతుంది. నాతో పనిచేసిన ఒకామె రాజీనామా ఇచ్చిన తర్వాత వెళ్లింది, ఆ ఆదేశానికి అవకాశం లేదన్నారు.

మధ్యమెట్టు
ఈ నిర్వచనం నచ్చింది. మా ఆఫీసులో అంటించేలా ఉంది.

కలంపోటు
అంటించండి. కాకపోతే బులెటిన్ బోర్డు మీద కాదు, మేనేజర్ల గదిలో.

హెచ్ఆర్_పూర్వాశ్రమం
చాలా ఏళ్లు హెచ్‌ఆర్‌లో ఉన్నాను, ఇప్పుడు లేను. లోపలి సంగతి చెబుతాను. "మీరే రాజీనామా ఇవ్వండి" అని ఎందుకు అడుగుతారు? తొలగించాలంటే కారణం చూపాలి, నోటీసు ఇవ్వాలి, దుష్ప్రవర్తన అంటే విచారణ జరపాలి, రేపు కార్మిక వివాదాలు తేల్చే ట్రైబ్యునల్‌లో నిరూపించాలి. రాజీనామా అయితే ఇవేవీ అక్కర్లేదు. కంపెనీ భుజం మీది బరువంతా ఒక్క సంతకంతో మీ మీదకు వస్తుంది. అందుకే ఆ గడువు. బుధవారం అన్నది చట్టం పెట్టిన గడువు కాదు, వాళ్లు పెట్టినది.

ఇంకో సంగతి. హెచ్‌ఆర్‌తో నోటితో మాట్లాడిన మాటకు విలువ లేదు. మీ సమావేశం అయిన వెంటనే "ఈరోజు మీరు నాతో ఇలా అన్నారు, నేను ఇలా జవాబిచ్చాను" అని మర్యాదగా మెయిల్ పెట్టండి. అది ఖండించకపోతే రికార్డుగా మిగులుతుంది. ఖండించినా రికార్డే.

వేకువచుక్క
శుక్రవారం జరిగినదానికి ఇప్పుడు మెయిల్ పెట్టవచ్చా? ఆలస్యం అయిందా?

హెచ్ఆర్_పూర్వాశ్రమం
ఏమీ ఆలస్యం కాలేదు. ఈ రాత్రే పెట్టండి.

నల్లకోటు_పాతికేళ్లు
పొద్దున చెప్పిన విషయానికి వస్తాను.

2025 నవంబరు 21 నుంచి పాత కార్మిక చట్టాలను కలిపి రాసిన నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. మీకు సంబంధించినది పారిశ్రామిక సంబంధాల కోడ్, 2020. ఇరవై మంది, ఆపై కార్మికులున్న సంస్థలో ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండి తీరాలి. సమస్య తలెత్తిన ఏడాదిలోగా దానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. కమిటీ ముప్పై రోజుల్లో తేల్చాలి. పాత పారిశ్రామిక వివాదాల చట్టంలో కూడా ఇలాంటి కమిటీ ఉండేది, చాలా కంపెనీల్లో అది కాగితం మీదే ఉండేది. ఉందో లేదో అడగండి. లేకపోతే అదే ఒక ఉల్లంఘన.

ఒకవేళ తొలగిస్తే, ఒక్క కార్మికుడి తొలగింపు కూడా పారిశ్రామిక వివాదమే అవుతుంది. ముందు కన్సిలియేషన్ అధికారి దగ్గర, అంటే మనం లేబర్ ఆఫీసు అనుకునే చోట, దరఖాస్తు ఇవ్వాలి. నలభై ఐదు రోజుల్లో తేలకపోతే మీరే నేరుగా ట్రైబ్యునల్‌కు వెళ్లవచ్చు. తొలగించిన రెండేళ్లలోపు వెళ్లాలి.

ఇక్కడొక మెలిక ఉంది. ఇదంతా "కార్మికుడు" అన్న నిర్వచనంలోకి వచ్చేవారికే. ప్రధానంగా నిర్వహణ, పరిపాలన బాధ్యతలు చేసేవారు అందులో లేరు. పర్యవేక్షక హోదాలో నెలకు 18,000 రూపాయలకు మించి తీసుకునేవారూ లేరు. కానీ విజిటింగ్ కార్డు మీద "ఎగ్జిక్యూటివ్" అనో "మేనేజర్" అనో ఉన్నంత మాత్రాన మీరు బయట ఉన్నట్టు కాదు. కోర్టులు చూసేది హోదా పేరును కాదు, రోజూ మీరు నిజంగా చేసే పనిని. మీ కింద ఎవరూ లేకుండా, మీరే పద్దులు రాస్తుంటే, జీతం ఎంతయినా గుమాస్తా పనో సాంకేతిక పనో అవుతుంది. వేకువచుక్క గారూ, మీ కింద ఎవరైనా ఉన్నారా? ఎవరికైనా సెలవు మంజూరు చేసే అధికారం, పనితీరుకు మార్కులు వేసే అధికారం ఉన్నాయా?

వేకువచుక్క
ఎవరూ లేరు. "సీనియర్ ఎగ్జిక్యూటివ్" అని పేరే తప్ప నా సెలవే నాకు దొరకదు.

నల్లకోటు_పాతికేళ్లు
అయితే మీకు దారి ఉంది.

అలలమీద
మేనేజర్ స్థాయిలో ఉన్నవాళ్లకు ఏమిటి మరి? మా అన్నయ్యకు ఇదే జరుగుతోంది. డిప్యూటీ జనరల్ మేనేజర్. వాళ్ల డైరెక్టర్ అతడిని కుర్చీలో కూడా కూర్చోనివ్వడు.

నల్లకోటు_పాతికేళ్లు
అక్కడ చట్టం బలహీనం, దాచడం ఎందుకు. నియామక పత్రంలో రాసుకున్న ఒప్పందం ఆధారంగా సివిల్ కోర్టుకు వెళ్లాలి. ప్రైవేటు ఉద్యోగంలో "ఇతన్ని మళ్లీ పనిలో పెట్టుకోండి" అని సివిల్ కోర్టు సాధారణంగా ఆదేశించదు. పరిహారం చాలావరకు నోటీసు పీరియడ్ జీతం దగ్గరే ఆగిపోతుంది. అలాంటివారికి న్యాయవాది ద్వారా నోటీసు పంపి, గౌరవంగా బయటపడే షరతులు రాయించుకోవడమే ఎక్కువ ఫలితమిస్తుంది. ఈ ఒక్క సందర్భంలో నేను నిమ్మళంగా గారి పక్షం.

నిమ్మళంగా
ఈ రోజుకు ఇది చాలు నాకు.

ఫైలునంబరు
ప్రభుత్వ ఉద్యోగుల గురించి ఎవరూ మాట్లాడలేదు. మా దగ్గర తిట్టరు, వార్షిక పనితీరు నివేదికలో రాసేస్తారు. 2008లో దేవ్‌దత్ కేసులో సుప్రీంకోర్టు ఆ నివేదికలోని ప్రతి వ్యాఖ్యనూ, బాగున్నా బాగాలేకపోయినా, ఉద్యోగికి తెలియజేయాలని చెప్పింది. కేంద్ర ఉద్యోగులకు అది అందాక అభ్యంతరం చెప్పుకోవడానికి పదిహేను రోజులు ఉంటుంది. ఆ గడువు దాటనివ్వకండి. నా మీద "సహకార స్వభావం లేదు" అని రాశారు. ఏ తేదీన, ఏ పనిలో సహకరించలేదో చెప్పమని అడిగాను. చెప్పలేకపోయారు, తీసేశారు. కక్షతో బదిలీలు చేస్తే సమాచార హక్కు చట్టం కింద ఫైలు నోట్స్ అడగవచ్చు. అప్పటికీ తేలకపోతే కేంద్ర ఉద్యోగులకు పరిపాలనా ట్రైబ్యునల్ ఉంది.

బొమ్మరిల్లు_కాదు
ఫోనులో రికార్డు చేస్తే సాక్ష్యంగా పనికొస్తుందా? జేబులో పెట్టుకుని వెళ్లమని మా మిత్రుడు అంటున్నాడు.

రైన్‌తీరం
జర్మనీలో ఉన్నవాళ్లు ఎవరైనా చదువుతుంటే, ఆ పని పొరపాటున కూడా చేయకండి. ఎదుటివారికి తెలియకుండా వారి మాటలు రికార్డు చేయడం ఇక్కడ నేరం. మూడేళ్ల వరకు జైలు శిక్ష పడవచ్చు. వేధింపు బాధితుడు వెళ్లి ముద్దాయి అవుతాడు.

పడమటిగాలి
అమెరికాలో రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో ఆంతరంగిక సంభాషణ అయితే అందరి అనుమతీ ఉండాలి. కొన్ని రాష్ట్రాల్లో మాట్లాడేవాళ్లలో ఒక్కరికి తెలిస్తే చాలు. ముందు ఆరా తీయండి.

నల్లకోటు_పాతికేళ్లు
భారతదేశంలో మీరు పాల్గొన్న సంభాషణను మీరు రికార్డు చేసినంత మాత్రాన అది నేరం కాదు. సాక్ష్యంగా ఇవ్వాలంటే భారతీయ సాక్ష్య అధినియమంలోని 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి. పాత చట్టంలో 65బి అనేవాళ్లం, అదే. అసలు ఫోను భద్రంగా ఉంచండి. ముక్కలు కత్తిరించకండి. వాట్సాప్ సందేశాలకూ ఇదే వర్తిస్తుంది. మీరు లేని గదిలో ఫోను వదిలేసి రావడం మాత్రం పూర్తిగా వేరే విషయం, ఆ జోలికి వెళ్లకండి.

హెచ్ఆర్_పూర్వాశ్రమం
నాకు రికార్డింగ్ అంటే ఇష్టం లేదు. చట్టం ఒప్పుకున్నా, కంపెనీ నియమావళిలో నిషేధం ఉంటే అదే సాకుగా చర్య తీసుకుంటారు. రికార్డింగ్ లేకుండానే గెలిచిన వాళ్లను చూశాను. ఏ రోజు, ఎక్కడ, ఎవరెవరు ఉన్నారు, ఏ మాట అన్నారు అని అదే రోజు రాసుకున్న డైరీ చాలా బలమైనది. దానికి తోడు కంపెనీ ఫైళ్లు, ఖాతాదారుల వివరాలు సొంత మెయిల్‌కు పంపుకోకండి. వేధింపు విషయం పక్కకు పోయి సమాచార చౌర్యం ముందుకు వస్తుంది. మీకు వచ్చిన తిట్ల సందేశం వేరు, కంపెనీ లెక్కల ఫైలు వేరు.

కలంపోటు
రికార్డింగ్ విషయంలో మీతో ఏకీభవించలేను. డైరీ నేను రాసుకున్నది అంటారు, కథలు అల్లానంటారు. గొంతు అలా కాదు కదా. మా చెల్లెలి కేసులో ఆ గొంతు వినిపించాకే మాట తీరు మారింది.

రేవతీనక్షత్రం
మా గ్రూపులో అయితే తిట్టు కిందనే అందరూ బొటనవేలు గుర్తులు పెట్టారు. సాక్షుల జాబితా వాళ్లే తయారుచేసి ఇచ్చినట్టయింది నాకు.

పసుపుగొడుగు
ఒక విషయం గట్టిగా చెప్పాలి. "లైంగిక వేధింపు లేదు" అని చాలామంది తేలిగ్గా అనేసుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. మా టీమ్ లీడ్ నా బట్టల మీద, నా పెళ్లి మీద వ్యాఖ్యలు చేసేవాడు. నేను దూరంగా ఉండటం మొదలుపెట్టగానే పనిలో తప్పులు వెతకడం మొదలైంది. రెండూ ఒకటేనని నాకు చెప్పింది మా ఆఫీసులో లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీలోని బయటి సభ్యురాలు. అలాంటి ప్రవర్తనతో ముడిపడి ఉంటే ఉద్యోగానికి బెదిరింపు, పనిచేసే చోటును భయానకంగా మార్చడం, ఆరోగ్యాన్ని దెబ్బతీసే అవమానం కూడా 2013 చట్టం కిందకు వస్తాయి. పది మంది, ఆపై ఉద్యోగులున్న ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. అంతకంటే చిన్న సంస్థ అయినా, యజమాని మీదే ఫిర్యాదు అయినా జిల్లా స్థానిక కమిటీకి వెళ్లాలి. చివరి సంఘటన జరిగిన మూడు నెలల్లోపు ఫిర్యాదు ఇవ్వాలి. తగిన కారణం ఉంటే ఇంకో మూడు నెలలు పొడిగిస్తారు. విచారణ నడుస్తుండగా బదిలీ గానీ, మూడు నెలల వరకు సెలవు గానీ అడగవచ్చు. ఆ సెలవు మన మామూలు సెలవుల్లో కోత పడదు. నేను తీసుకున్నాను. ఆ రోజుల్లోనే మళ్లీ నిద్ర పట్టింది.

బొమ్మరిల్లు_కాదు
ఈ చట్టం మగవాళ్లకు లేదా?

పసుపుగొడుగు
ఈ చట్టం కింద ఫిర్యాదు చేయగలిగేది మహిళలే. కొన్ని కంపెనీలు తమ సొంత నియమావళిలో అందరికీ వర్తించేలా రాసుకున్నాయి, మీది ఒకసారి చదవండి.

పడమటిగాలి
అమెరికాలో ఉన్న మనవాళ్ల కోసం. ఇక్కడ కూడా సాధారణ వేధింపుకు సమాఖ్య చట్టం లేదు. జాతి, రంగు, మతం, లింగం, పుట్టిన దేశం కారణంగా వేధిస్తే 1964 పౌరహక్కుల చట్టం వర్తిస్తుంది. వయసుకూ వైకల్యానికీ వేరే చట్టాలున్నాయి. సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కు 180 రోజుల్లో, రాష్ట్రంలోనూ అలాంటి సంస్థ ఉంటే 300 రోజుల్లో ఫిర్యాదు ఇవ్వాలి. హెచ్1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు అసలు భయం వేరు: ఉద్యోగం పోతే గరిష్ఠంగా అరవై రోజులే గడువు. ఆ భయాన్నే వాడుకుంటారు. నా పాత మేనేజర్ ప్రతి సమావేశంలో నా వీసా గురించి "సరదాగా" గుర్తుచేసేవాడు. ఫిర్యాదు చేసినందుకు కక్ష సాధించడం విడిగా చట్టవిరుద్ధం, అది గుర్తుంచుకోండి.

థేమ్స్‌గట్టు
బ్రిటన్‌లోనూ వేధింపు అన్నంత మాత్రాన కేసు కాదు. వయసు, లింగం, వైకల్యం, జాతి, మతం వంటి కారణాలతో ముడిపడితే 2010 సమానత్వ చట్టం కింద వస్తుంది. అవేవీ లేకపోతే, యజమాని ప్రవర్తన భరించలేక వెళ్లిపోవడాన్ని తొలగింపుగానే పరిగణించమని వాదించే మార్గం ఒకటుంది. దాన్ని నిరూపించడం కష్టం. ట్రైబ్యునల్‌కు వెళ్లే ముందు రాజీ కుదిర్చే ఏకాస్ సంస్థకు తెలియజేయడం తప్పనిసరి.

గోదారిగుడ్లగూబ
ఇవన్నీ చదివితే మన దగ్గరే కాదు, పెద్ద దేశాల్లోనూ అంతంత మాత్రమేనని అర్థమవుతోంది. ఎక్కడైనా సూటిగా చట్టం ఉందా?

దక్షిణార్ధగోళం
ఫ్రాన్స్‌లో ఉంది. 2002 నుంచి "నైతిక వేధింపు", అంటే ఉద్యోగిని మానసికంగా కుంగదీసే వేధింపు, అక్కడ నేరం. ఫ్రాన్స్ టెలికాం అనే కంపెనీ, తన ఉద్యోగులు వాళ్లంతట వాళ్లే వెళ్లిపోయేలా పనిగట్టుకుని ఒత్తిడి పెట్టింది. కొందరు ప్రాణాలు తీసుకున్నారు. 2019 డిసెంబరులో మాజీ ప్రధాన అధికారి సహా పలువురికి శిక్ష పడింది. 2025 జనవరిలో ఫ్రాన్స్ అత్యున్నత న్యాయస్థానం కూడా ఆ దోషనిర్ధారణను సమర్థించింది. ఒక మనిషి ఇంకో మనిషిని వేధించడమే కాదు, కంపెనీ విధానమే వేధింపు కావచ్చని అక్కడ తేలింది. జపాన్ 2020 జూన్ నుంచి పెద్ద సంస్థలకు, 2022 ఏప్రిల్ నుంచి చిన్న సంస్థలకు కూడా పై హోదాను వాడుకుని చేసే "అధికార వేధింపు"ను నివారించే బాధ్యత పెట్టింది.

నల్లకోటు_పాతికేళ్లు
అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో 190వ ఒప్పందం ఆమోదించింది, అది 2021 జూన్ 25న అమల్లోకి వచ్చింది. పనిలో హింస, వేధింపు ఒక్కసారి జరిగినా పదేపదే జరిగినా అందులోకి వస్తుంది. భారతదేశం దాన్ని ఇంకా ధ్రువీకరించలేదు. చేయాలని నేను గట్టిగా కోరుకుంటాను. యూనియన్లలో ఉన్నవాళ్లు ఈ డిమాండును ముందుకు తేవాలి.

వేకువచుక్క
మెయిల్ రాశాను. పంపే ముందు చూడండి:

"శుక్రవారం జరిగిన సమావేశంలో నన్ను రాజీనామా చేయమని దారుణంగా బలవంతం చేశారు. నా మేనేజర్ రాక్షసుడిలా ప్రవర్తిస్తున్నారు. ఇంతకాలం ఎంతో నిజాయితీగా పనిచేసిన నాకు ఇది తీరని అన్యాయం. న్యాయం జరగకపోతే కోర్టుకు వెళతాను."

హెచ్ఆర్_పూర్వాశ్రమం
మీ బాధ అర్థమైంది, కానీ ఇది పంపకండి. "దారుణంగా", "రాక్షసుడిలా" తీసేయండి. వాళ్ల జవాబు ఆ మాటల మీదే వస్తుంది, జరిగిన దాని మీద రాదు. తేదీ, సమయం, గదిలో ఎవరున్నారు, అన్న మాటలు అన్నట్టుగా రాయండి.

నల్లకోటు_పాతికేళ్లు
కోర్టు ప్రస్తావన కూడా వద్దు. "నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. నేను ఎప్పటిలాగే పనికి హాజరవుతున్నాను" అన్న రెండు వాక్యాలు మాత్రం తప్పకుండా ఉండాలి. రేపు వాళ్లు "తనే వెళ్లిపోయారు" అన్నా, "రావడం మానేశారు" అన్నా అవి అడ్డుపడతాయి. ఒకవేళ ఎవరైనా ఒత్తిడిలో సంతకం పెట్టి ఉంటే, ఆ రోజో మర్నాడో అది ఇష్టపూర్వకంగా ఇచ్చింది కాదని రాతపూర్వకంగా చెప్పాలి. నెలల తర్వాత చెబితే కోర్టు నమ్మడం కష్టం.

వేకువచుక్క
ఇలా మార్చాను:

"గత శుక్రవారం మధ్యాహ్నం మూడు గంటలకు హెచ్‌ఆర్ గదిలో, మా విభాగం మేనేజర్ సమక్షంలో, బుధవారంలోగా రాజీనామా ఇవ్వకపోతే పనితీరు కారణంగా తొలగిస్తామని నాతో చెప్పారు. నాకు రాజీనామా చేసే ఉద్దేశం లేదు. నేను ఎప్పటిలాగే పనికి హాజరవుతున్నాను. గత కొన్ని నెలల్లో నా నుంచి తీసేసిన పనుల జాబితా, గ్రూపులో నా గురించి పెట్టిన సందేశాల తేదీలు జతచేస్తున్నాను. నా పనితీరులో లోపాలేమిటో రాతపూర్వకంగా తెలియజేయగలరు. ఈ విషయాన్ని ఫిర్యాదుల పరిష్కార కమిటీ ముందు ఉంచవలసిందిగా కోరుతున్నాను."

మధ్యమెట్టు
ఇలాంటి మెయిల్ నాకు వస్తే నేను ఆగి ఆలోచిస్తాను. పంపండి.

కలంపోటు
సొంత మెయిల్‌కు కూడా ఒక ప్రతి పెట్టుకోండి. ఇది మీ ఫిర్యాదే కాబట్టి, కంపెనీ రహస్యం కాదు.

నిమ్మళంగా
పంపండి. దాంతోపాటు పక్కన వేరే ఉద్యోగానికి దరఖాస్తులూ పెట్టండి. ఒకటి చేస్తే ఇంకొకటి చేయకూడదని ఎక్కడా లేదు. ఒకవేళ వెళ్లిపోవడమే జరిగితే, రాజీనామా అయినా తొలగింపు అయినా చివరి వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. రేవతీనక్షత్రం గారిలా నెలల తరబడి తిరగనవసరం లేదు.

రేవతీనక్షత్రం
అప్పుడు ఈ మాట చెప్పేవాళ్లు లేరు నాకు.

ఫైలునంబరు
నిద్ర పట్టకపోవడం, గుండె దడ లాంటివి ఉంటే డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ముందు మీ కోసం, తర్వాత కేసు కోసం. చీటీ మీద తేదీ ఉంటుంది, అది కూడా ఆధారమే. మనసు మరీ కుంగితే టెలి మానస్ నంబరు 14416 ఉంది, తెలుగులోనూ మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు. మా సహోద్యోగికి నేనే ఆ నంబరు కలిపి ఇచ్చాను.

వేకువచుక్క
బుధవారం సంగతి. పిలిచారు. సంతకం పెట్టనని చెప్పాను. మెయిల్ చూశారట, గొంతు తగ్గింది. "కమిటీ ముందు పెడతాం, వచ్చే వారం హాజరు కండి" అన్నారు. మేనేజర్ గ్రూపులో నా గురించి సందేశాలు పెట్టడం ఆగింది. కమిటీలో ఎవరెవరున్నారని అడిగితే "హెచ్‌ఆర్ హెడ్, ఫైనాన్స్ హెడ్, మీ మేనేజర్" అన్నారు. ఇది సరైనదేనా?

హెచ్ఆర్_పూర్వాశ్రమం
ఎవరి మీద ఫిర్యాదో ఆయనే కూర్చుంటారా! కుదరదు. వెంటనే అభ్యంతరం రాయండి.

నల్లకోటు_పాతికేళ్లు
అది చట్టం చెప్పిన కమిటీ కాదు. యాజమాన్యం తరఫున ఎంతమంది ఉంటారో కార్మికుల తరఫునా అంతమంది ఉండాలి, మొత్తం పది మందికి మించకూడదు. మహిళలకు వాళ్ల సంఖ్యకు తగ్గ ప్రాతినిధ్యం కూడా ఉండాలి. ఈ మూడూ రాసి, సరిగ్గా ఏర్పడిన కమిటీ ముందు హాజరు కావడానికి సిద్ధంగా ఉన్నానని మెయిల్ పెట్టండి. హాజరు కానని మాత్రం రాయకండి.

వేకువచుక్క
రాస్తున్నాను. రాత్రికి ఇక్కడ పెడతాను, ఎవరైనా ఒకసారి చూసి పెట్టండి.